వెనక తలుపు దగ్గర షావుకారుగారు

ఫ్లెక్సీలో కూడా ఆయన ఫోటో తీసేవాణ్ణి అనుమానంగానే చూస్తున్నారు.

విశాఖపట్నం వెళ్తున్న బస్సు తునిలో ఆగినప్పుడు కిటికీలోంచి చూశాను. కాంప్లెక్సు ఎదుట కరెంటు స్తంభానికి కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. నుదుట బొట్టు, భుజాన కండువా, కుడికన్ను కాస్త చిన్నది చేసి చూసే ఆ చూపు. కింద వర్తక సంఘం వారి సంతాపం. ఆయన పేరు నేను చదవడం అదే మొదటిసారి. అప్పటిదాకా నాకు షావుకారుగారే. ఇక్కడ కూడా ఆ పేరు రాయను. రాస్తే "ఎందుకండి?" అని అడిగే మనిషి.

కండక్టరు విజిలేశాడు. నేను సంచి తీసుకుని దిగిపోయాను. బస్సు నన్ను వదిలేసి వెళ్ళిపోతుందని తెలిసే దిగాను.

నేను రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. బిల్డింగులో నిప్పు అంటుకుంటే జనం ఎలా బయటపడతారు, ఏ తలుపు వైపు పరిగెడతారు, ఎవరి కోసం ఆగుతారు అన్నది కొన్నేళ్ళపాటు మా ప్రాజెక్టు. నిజంగా నిప్పు పెట్టి చూడలేం. అందుకని ఉన్న బిల్డింగును ఉన్నట్టే కంప్యూటర్లో కట్టి, కళ్ళకు పెట్టుకునే వీఆర్ హెడ్‌సెట్‌లో చూపించి, అందులో పొగ పెట్టి, మనుషుల్ని వదులుతాం. వాళ్ళు కుర్చీలో కూర్చునే ఉంటారు. కళ్ళకూ చెవులకూ మాత్రం నిజంగా ఆ బిల్డింగులో ఉన్నట్టే ఉంటుంది. చేతుల్లో చెరో రిమోట్. దాంతో నడవొచ్చు, తలుపు పట్టుకుని తీయొచ్చు. ఇందుకోసం మాకు జనం తిరిగే అసలైన షాపు ఒకటి కావాల్సొచ్చింది. తునిలో ఆయన మూడంతస్తుల బట్టల షాపు అలా తగిలింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు గుమ్మం పక్కనే, గల్లాపెట్టె వెనక, తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. విజిటింగ్ కార్డు ఇచ్చాను. ముందువైపు చదవలేదు. వెనక్కి తిప్పి చూశారు. వెనక ఏమీ లేకపోవడం ఆయనకు నచ్చలేదు.

"ఎవరు పంపారండి మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదండి. కాలేజీ తరఫున నేనే వచ్చాను."

"మంచిదండి."

ఈ "మంచిదండి"కి అర్థం నాకు తర్వాత తెలిసింది. నమ్మితే "అలాగా" అనేవారు. ఒక్క ముక్క కూడా నమ్మకపోతే "మంచిదండి" అనేవారు. మెత్తగా, ఎంతో మర్యాదగా. రంగు పోదని ఒట్టేసే చీరల ఏజెంటుకూ మంచిదండే, జ్వరమొచ్చి రాలేకపోయానన్న గుమాస్తాకూ మంచిదండే. ఆ మాట పడ్డవాళ్ళకి తాము నిజంగానే అబద్ధం చెప్పామేమోనని అనుమానం వచ్చేది. నాకూ వచ్చింది.

టీ తెప్పించారు. నేను ఒక గుక్క మింగేదాకా తన గ్లాసు ముట్టుకోలేదు. సొంత షాపులో, సొంత మనిషి తెచ్చిన టీ!

మాట్లాడుతున్నంతసేపూ నా మొహం చూడలేదు, కాళ్ళు చూశారు. ఎవరినైనా అంతే. అడిగితే దాచుకోకుండా చెప్పారు.

"మొహానిదేముందండి, ఎలా కావాలంటే అలా పెట్టుకుంటుంది. కొనే మనిషి కాళ్ళు బీరువా వైపు తిరిగుంటాయి. కొననివాళ్ళ కాళ్ళు గుమ్మం వైపు తిరిగుంటాయి. మీవి గుమ్మం వైపే ఉన్నాయి పంతులమ్మగారూ."

నేను కాళ్ళు చీర కుచ్చిళ్ళ కిందకి లాక్కున్నాను. ఎంత చెప్పినా ఆయన ఒప్పుకోలేదు. విసుగొచ్చి, సరే, ఎదుటి షాపు వాళ్ళని అడుగుతానని లేచాను. మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచారు.

"వాళ్ళనింకా అడగలేదా?"

"లేదండి. ఇప్పుడే వెళ్తున్నాను."

"మా షాపే కొలుచుకోండి. వాళ్ళని మాత్రం అడక్కండి."

దీనివల్ల ఏం ఒరుగుతుందో ఆయనకు తెలియదు. అదేదైనా సరే, వీధి దాటి అవతలికి పోకూడదు, అంతే.

కొలతలు తీసుకోవడానికి నా విద్యార్థులతో వెళ్ళాను. పట్టుచీరల సెక్షన్లో పనిచేసే సత్యవతిని మాతో తిప్పారు. సాయానికి పంపారని మేం సంతోషించాం. "సాయానికి కాదండి. మీరేం ముట్టుకుంటున్నారో చూడమన్నారు," అని ఆమే నవ్వుతూ చెప్పేసింది. పై అంతస్తుల్లో పనిచేసేవాళ్ళందరూ ఆడపిల్లలే. వాళ్ళు దిగడానికి ముందువైపు మెట్లొక్కటే దారి. వెనక సందులోకి దిగే మెట్లు వేరే ఉన్నాయి గానీ వాటి నిండా బట్టల బేళ్ళు, కింద తలుపుకి తాళం. తాళంచెవి ఆయన మొలతాడుకి ఉండేది.

"ఈ తలుపు తీసి ఉంచాలండి," అన్నాను.

"తీస్తే?"

"ప్రమాదం వస్తే జనం బయటికి పోతారు."

"రాకపోతే చీరలు బయటికి పోతాయి."

నాకు ఒళ్ళు మండింది. పైన ఉన్న ఆడపిల్లల ప్రాణాలు చీరలపాటి చెయ్యవా అని మొహమ్మీదే అడిగాను. ఆయన నా కాళ్ళవైపు చూసి "మంచిదండి" అన్నారు.

షాపు సెలవు రోజున హెడ్‌సెట్లు పట్టుకెళ్ళాం. షాపుకి ఎప్పుడూ వచ్చే ఆడవాళ్ళనీ, అందులో పనిచేసేవాళ్ళనీ కూర్చోబెట్టాం. మేం కంప్యూటర్లో కట్టిన షాపులో వెనక తలుపు బార్లా తెరిచే పెట్టాం. అయినా పొగ మొదలవగానే ఒక్కళ్ళు కూడా అటు పోలేదు. అందరూ ముందు గుమ్మానికే. ఎందుకో మా విద్యార్థులకు అంతుపట్టలేదు. కాసేపటికి ఒకావిడ హెడ్‌సెట్ పెట్టుకునే వంగి, నేల తడుముతూ, "నా చెప్పులేవమ్మా?" అంది.

పరుపుల మీద కూర్చుని చీరలు చూసే షాపుల్లో చెప్పులు బయట మెట్ల మీద విడుస్తాం. పొగొచ్చినా పాము వచ్చినా మనిషి చెప్పుల దగ్గరికే పోతాడు. ఈ ముక్క మేం చదివిన ఏ పుస్తకంలోనూ లేదు, మాకూ తట్టలేదు. మా కంప్యూటర్ షాపులో చెప్పులు పెట్టడం మర్చిపోయాం. షావుకారుగారు లాప్‌టాప్‌లో ఇదంతా చూస్తూ నవ్వారు. ఆయన నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత ఆయన వంతు. హెడ్‌సెట్ అటూ ఇటూ తిప్పి, లోపల వేలు పెట్టి చూసి, "ఇందులోంచి మా గల్లా ఇంకెవరికైనా కనబడుతుందా?" అని అడిగారు. లేదంటే ఊరుకోలేదు. ముందు నన్ను పెట్టుకోమన్నారు. నాకేమీ కాలేదని చూశాక, కొడుకు చేత పెట్టించారు. షాపులో అందరూ చినబాబుగారు అని పిలిచే ఆ అబ్బాయి పొగ మొదలవకముందే తీసేసి, బాగుంది నాన్నా అన్నాడు. అప్పుడు కండువాతో తుడిచి, గల్లా దగ్గర తన చోట కూర్చుని పెట్టుకున్నారు. చుట్టూ చూసుకుని, "ఇది మా షాపే," అన్నారు మెల్లగా.

మా పిల్లలు హెడ్‌సెట్‌లో అరుపులు పెట్టారు. జనం కేకలు, పరుగులు, ఎక్కడో అద్దం పగిలిన చప్పుడు. ఆయన లేవలేదు. పరిగెత్తలేదు. కుడిచెయ్యి పైకి లేచింది. గాల్లో దేన్నో పట్టుకుని ఒక్క గుంజు గుంజింది.

లాప్‌టాప్‌లో షట్టర్ నేలకు దిగిపోయింది. లోపలున్న జనం దాని ముందు కుప్పపడ్డారు. వాళ్ళ మీదికి పొగ వచ్చింది.

షట్టర్ని చేత్తో కదపగలిగేలా పెట్టింది మేమే. కాస్త కిందకి దిగి ఉంటే ఎవరైనా పైకి ఎత్తుతారేమో చూద్దామనుకున్నాం. లోపల మనుషులుండగా దాన్ని దించేవాళ్ళుంటారని మాలో ఎవరమూ అనుకోలేదు. ఆయన హెడ్‌సెట్ తీశారు. తెర మీద బొమ్మ చూశారు.

"ఇది కనికట్టు. నేను దించలేదు. మీరే దించారు."

"మేమేం ముట్టుకోలేదండి."

"మంచిదండి," అని లేచిపోయారు. ఆ రోజు మాకు టీ కూడా రాలేదు.

ఇక ఆ గుమ్మం తొక్కనివ్వరనుకున్నాను. కొద్దిరోజుల్లోనే, చెప్పాపెట్టకుండా, చేతిలో గొడుగుతో మా కాలేజీ ల్యాబు ముందు నిలబడి ఉన్నారు. పాసింజరు రైల్లో వచ్చారట. లోపలికి రాకుండా ముందు గదంతా పరికించారు.

"ఈ గదికి ఇంకో తలుపు లేదేంటండి?"

"ఉందండి. బీరువా అడ్డం ఉంది."

"మంచిదండి."

ఈసారి ఆ మాట నాకు బాగానే గుచ్చుకుంది. ఆయన వెళ్ళాక ఆ బీరువా జరిపించాను. ఆ రోజు లోపలికొచ్చి హెడ్‌సెట్ మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాం. కేకలు వినబడగానే చెయ్యి లేచింది, షట్టర్ దిగింది. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ దిగింది. వెళ్ళిపోయి, ఇంకో వారం వచ్చారు. అలా వస్తూనే ఉన్నారు. మధ్యమధ్యలో ప్రశ్నలు అడిగేవారు. మీటరు బోర్డు దగ్గర అంటుకుంటే పొగ ఎటు పోతుంది? పైకి ఎక్కడానికి ఎంతసేపు పడుతుంది? బేళ్ళకు అంటుకుంటే? లోపల మనుషులెవరూ లేనప్పుడైతే?

ఒక వ్యాపారి వచ్చి తన షాపు ఎలా తగలబడుతుందో ఇంత శ్రద్ధగా అడిగితే ఎవరికైనా ఏం తోస్తుంది? ఇన్సూరెన్స్ కోసం సొంత సరుకుకి నిప్పు పెట్టుకున్న కథలు బజార్లో చాలానే విన్నాను. మా చదువు అంతా పెట్టి ఈయనకు నిప్పు పెట్టడం నేర్పుతున్నానా అని భయమేసింది. దాచుకోవడం నా వల్ల కాదు. ఒకరోజు అడిగేశాను.

"షావుకారుగారూ, ఇదంతా ఇన్సూరెన్స్ కోసం కాదు కదండీ?"

కోపగిస్తారనుకున్నాను. ఆయన మొదటిసారి నా కాళ్ళు వదిలేసి మొహంలోకి చూశారు.

"ఇన్నాళ్ళకి మీకు వ్యాపారం వంటబట్టిందండి. అలాగే అనుమానించాలి. కానీ అది కాదు."

కుడిచెయ్యి టేబుల్ మీద పెట్టి, అదేదో ఇంకొకరిది అన్నట్టు చూశారు.

"ఇది నా మాట వినట్లేదు పంతులమ్మగారూ. మా నాన్న నన్ను గల్లా మీద కూర్చోబెట్టి మొట్టమొదట నేర్పింది లెక్కలు కాదండి. బజార్లో కేక వినబడితే ముందు షట్టర్ దించు, ఎందుకో తర్వాత కనుక్కో అన్నారు. బంద్ అన్నా షట్టరే, కొట్లాటన్నా షట్టరే. తాగినోడెవడో కర్ర పట్టుకుని తిరిగినా షట్టరే. ఇన్నేళ్ళూ దానివల్లే బతికాం. ఇప్పుడేమో లోపల మనుషులున్నారని తెలుసండి. మంట అంటుకుందని కూడా తెలుసు. తెలిసి కూడా దించేస్తున్నాను."

ఆ రోజు చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు. కేకలు వినబడగానే ఎడమచెయ్యి లేచింది. హెడ్‌సెట్ తీసి పక్కన పెట్టి, కండువాతో మెడ తుడుచుకున్నారు. లోకంలో అందర్నీ అనుమానించిన మనిషి చివరికి తన చేతినే అనుమానించాల్సి రావడం చూసి నాకు జాలేసింది. ఇంకా నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. స్టేషన్ దాకా స్కూటీ మీద దించుతానన్నాను. "మీరు నడపడం నేను చూళ్ళేదండి," అని నడిచే వెళ్ళారు.

ఆ తర్వాత సత్యవతి ఫోన్ చేసింది.

"షావుకారుగారు గల్లా దిగిపోయారండి!"

ఆ కుటుంబాల్లో గల్లా దిగడం మాటలు కాదు. ప్రాణం ఉండగా తండ్రి ఆ చోటు వదలడు, కొడుకు అడగడు. ఆయన మాత్రం ఒక మంచి రోజు చూసి కొడుకుని ముందు కూర్చోబెట్టారు. వెనక మెట్ల మీది బేళ్ళన్నీ తీయించారు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, తలుపు తెరిచి, పక్కనే కుర్చీ వేసుకున్నారు. బజారంతా ఒకటే గుసగుసలు. కొడుకు తండ్రిని వెనక్కి నెట్టేశాడన్నారు కొందరు. కోడలి పని అన్నారు ఇంకొందరు. ముసలాయనకి మతి పోతోందని ఎదుటి షాపాయన ఖరారు చేశాడు. చినబాబు నాకు ఫోన్ చేసి నిలదీశాడు.

"మా నాన్నగారికి ఏం చెప్పారండి మీరు? ఆ కళ్ళజోడు పెట్టుకున్నప్పట్నుంచీ ఆయన ఆయనలా లేరు. జనమంతా నన్నంటున్నారు."

మీ నాన్నగారినే అడగండి అన్నాను. అడిగితే ఆయన చెప్పరని నాకూ తెలుసు.

చూడాలనిపించి వెళ్ళాను. వెనక సందులో తమలపాకుల బుట్టలు దిగుతున్నాయి. గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీలో ఆయన. ఫ్యాను గాలి కూడా అందని చోటు. వచ్చేవాళ్ళ సంచీ, పోయేవాళ్ళ సంచీ కళ్ళతోనే వెతికేస్తున్నారు.

"తలుపు తీశాను కదా అని ఎవరినో నమ్మాననుకోకండి," అన్నారు నన్ను చూడగానే.

"దీనికి వాచ్‌మన్‌ని పెడితే సరిపోయేది కదండీ?"

"వాణ్ణెవరు కాస్తారు?"

"మరి ముందువైపు?"

"ముందర అబ్బాయి ఉన్నాడు కదండీ."

ఆ మాట అన్నప్పుడు కన్ను చిన్నది చెయ్యలేదు. ఆయన నోట అనుమానం లేని మాట నేను విన్నది అదొక్కటే. తర్వాత మా ప్రాజెక్టు అయిపోయింది. నేను వేరే పనుల్లో పడ్డాను. తునివైపు వెళ్ళనే లేదు.

బస్సు దిగి షాపుకి వెళ్ళేసరికి కొత్త రంగు వాసన కొట్టింది. ముందు గోడకీ, బోర్డుకీ, షట్టర్‌కీ అన్నిటికీ కొత్త రంగే. గల్లాలో చినబాబు గుండుతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. సత్యవతే నన్ను పరుపు మీద కూర్చోబెట్టి, పక్కన కూర్చుంది.

"మీటరు బోర్డు దగ్గర అంటుకుందండి. సాయంత్రం రద్దీలో. కిందకి దిగేసరికి పొగ. చెప్పుల కోసం అందరం ముందుకే పరిగెత్తాం. చూస్తే షట్టర్ పడిపోయుంది. ఎలా పడిందో ఏంటో, పొగలో మనిషికి మనిషి కనబళ్ళేదు! ఇంక అయిపోయామనుకున్నామండి. అప్పుడు వెనక నుంచి షావుకారుగారి కేక. 'చెప్పులు నేను కొనిపెడతాను, ఇటు తగలడండి' అని!"

చెబుతూ చెబుతూ నవ్వేసింది.

"ఆయన నోట కొనిపెడతానన్న మాట ఎప్పుడైనా విన్నామాండి? అందుకే అందరం ఆగి వెనక్కి తిరిగాం. తలుపు పట్టుకుని నిలబడి ఒక్కొక్కళ్ళనీ తోశారండి. ఆ పొగలో, దగ్గుతూ కూడా, నా సంచి వంక చూశారు. చూసి, పో అన్నారు."

ఇప్పుడు ఆమె ఏడుస్తోంది. షాపులో పనిచేసే ఆడపిల్లలందరూ క్షేమంగా బయటపడ్డారు, కొనడానికి వచ్చినవాళ్ళూ పడ్డారు. ఆయన మాత్రం చినబాబు రాలేదని లోపలికి వెళ్ళారట. కొడుకుని లాక్కుని వచ్చారు గానీ అప్పటికే పొగ బాగా పీల్చేశారు. కాకినాడ ఆస్పత్రిలో కొన్నాళ్ళున్నారు. ఇంటికి తిరిగి రాలేదు.

పైనుంచి ఎవరో పిలిస్తే సత్యవతి వెళ్ళింది. చినబాబు గల్లా మీదుగా ముందుకు వంగి, గొంతు తగ్గించాడు.

"బజార్లో ఏమనుకుంటున్నారో తెలుసాండి? నాన్నగారే అంటించారంట. లేకపోతే వెనక తలుపు ముందే ఎందుకు తీయించాడు, బేళ్ళు ముందే ఎందుకు సర్దించాడు, కాలేజీకి మాటిమాటికీ ఎందుకెళ్ళాడు అంటున్నారు. లోపల ఏం జరుగుతోందో కనబడకుండా షట్టర్ కూడా ఆయనే దింపించాడంట."

అదే అనుమానం నాకూ ఒకప్పుడు వచ్చింది, నేను మొహమ్మీద అడిగేశాను, ఆయన జవాబు చెప్పారు. వీళ్ళకి జవాబు చెప్పడానికి ఆయన లేరు.

"షట్టర్ నేనే దించానండి," అన్నాడు. "కేకలు వినబడ్డాయి. అంతే. ఎప్పుడు లేచానో, ఎప్పుడు దించానో నాకే తెలీదు. ఒక పక్క ఇరుక్కుపోయి మళ్ళీ లేవలేదు. నాన్నగారు వచ్చేసరికి ఇంకా దాన్నే పట్టుకుని ఉన్నాను. నా వేళ్ళు విడదీసి లాక్కెళ్ళారు. ఒక్క మాట అన్లేదండి. ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, 'ఇది నాదిరా, నీది కాదు' అన్నారు. అదొక్కటే అన్నారు. ఇది నేనెవరికీ చెప్పలేదండి. బజారంతా ఆయన్ని అంటుంటే వింటూ కూర్చుంటున్నాను."

నాకు వాడి మీద పట్టరాని కోపం వచ్చింది. చచ్చిపోయిన తండ్రి మీద నింద పడుతుంటే వినేవాడు కొడుకేనా అనిపించింది. ఆ వెంటనే దుఃఖం కూడా వచ్చింది. లోకంలో ఎవరినీ నమ్మని మనిషి, తన చేతిని కూడా నమ్మని మనిషి, ఈ ఒక్క చేతిని నమ్మారు. హెడ్‌సెట్ పెట్టి పొగలో ఈ చెయ్యి ఏం చేస్తుందో చూడాలని ఆయనకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

అంతలో వీధిలో పెద్ద కేక. వెనకే ఇంకో నలుగురి అరుపులు, ఏదో దొర్లిన చప్పుడు, పరుగులు. మరుక్షణం బజారు ఆ చివర నుంచి షట్టర్లు దిగడం మొదలైంది. దడదడమంటూ ఒకదాని వెంట ఒకటి. చినబాబు ఒక్క ఉదుటున లేచాడు. కుడిచెయ్యి షట్టర్ కొక్కెం మీదికి వెళ్ళింది. పట్టుకుంది కూడా. షాపు నిండా ఆడవాళ్ళు చీరలు పట్టుకుని నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

నేను పరుపు మీంచి లేచాను. అతను కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, వేళ్ళు ఊడదీసుకున్నాడు. వీధిలో అన్ని షట్టర్లూ దిగిపోయాయి. ఈ ఒక్క షాపే తెరిచి ఉంది.

జరిగింది ఏమీ లేదు. లారీ ఒకటి తమలపాకుల బండికి తగిలింది, ఇద్దరు కలబడ్డారు, పదిమంది విడదీశారు. కాసేపటికి షట్టర్లు మళ్ళీ లేస్తున్నాయి. ఎదుటి షాపాయన వీధి దాటి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"ఏంటయ్యా చినబాబూ, కేకలు వినబడలేదా? మీ నాన్నుంటే అందరికన్నా ముందు దించేసేవాడు. దించడంలో ఆయన్ని మించినోడెవడు!"

ఆ మాటలో వెటకారం అందరికీ అర్థమైంది. లేస్తున్న షట్టర్ల కింద నుంచి అటూ ఇటూ షాపుల వాళ్ళు వంగి చూస్తున్నారు. చినబాబు గల్లా దిగాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా మెట్ల మీదికి వెళ్ళి నిలబడ్డాడు. వెనక నుంచి నాకు అతని కాళ్ళే కనబడుతున్నాయి, వీధివైపు తిరిగి.

"ఆ రోజు దించింది నాన్నగారు కాదు బాబాయిగారూ, నేను. లోపల అంతమంది ఉండగా నేనే దించాను. వాళ్ళందరినీ వెనక నుంచి ఆయన పంపేశారు. నన్ను బయటికి తీసుకెళ్ళడానికి లోపలికొచ్చి ప్రాణం పోగొట్టుకున్నారు."

ఎదుటి షాపాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. చినబాబు వీధి చివరి దాకా చూసి, అక్కడివాళ్ళకి కూడా వినబడేలా గొంతు పెంచి మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.